టీఎన్ఎఫ్‌కు కళ్లెం: పసుపు క్యాప్సూల్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య దూరం

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉన్నవాళ్లకు ఈ మధ్య రెండు వైపుల నుంచి సలహాలు అందుతున్నాయి. మొదట ఇచ్చే మెథోట్రెక్సేట్ మందుతో తగ్గకపోతే బయోలాజిక్ (ప్రొటీన్‌తో చేసిన మందు) ఇంజెక్షన్ మొదలుపెడదామని డాక్టరు అంటారు. ఆ పనేదో పసుపు క్యాప్సూలే చేస్తుందని, అదీ సైడ్ ఎఫెక్టులు లేకుండా చేస్తుందని వాట్సాప్ అంటుంది. రెండు చోట్లా వినిపించేది ఒకే ప్రొటీన్ పేరు, టీఎన్ఎఫ్ ఆల్ఫా. ఒంట్లోకి సూక్ష్మజీవి చొరబడినప్పుడు మాక్రోఫేజ్ కణాలు విడుదల చేసే సంకేతం ఇది. అది అందగానే రక్తనాళాలు వదులవుతాయి, తెల్లకణాలు అక్కడికి చేరతాయి, జ్వరం, వాపు వస్తాయి. పని అయ్యాక కూడా ఆ సంకేతం ఆగకపోతే కీళ్లు, పేగులు, చర్మం దెబ్బతింటాయి.

విచిత్రం ఏమిటంటే, మొదట్లో దీన్ని ఆపాలని ఎవరూ అనుకోలేదు. మందుగా వాడాలనే చూశారు. 1890ల్లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ కేన్సర్ రోగులకు బ్యాక్టీరియాను ఎక్కించేవాడు. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చేది, కొందరిలో కణితి కరిగేది. 1975లో అదే నగరంలోని స్లోన్ కెటరింగ్ సంస్థలో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్ బృందం టీబీ టీకా బీసీజీ ఇచ్చిన ఎలుకలకు బ్యాక్టీరియా నుంచి తీసిన ఎండోటాక్సిన్ అనే విషం ఎక్కించింది. వాటి సీరమ్‌ను (రక్తంలోని ద్రవాన్ని) వేరే ఎలుకలకు ఇస్తే కణితులు మాడిపోయాయి. ఆ సీరమ్‌లోని పదార్థానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. 1984లో జెనెన్‌టెక్ దాని జన్యువును క్లోన్ చేయడంతో ఆశలు ఆకాశాన్నంటాయి. తీరా రోగులకు సూదిగా ఇస్తే బీపీ పడిపోయింది, జ్వరం, వణుకు పట్టుకున్నాయి.

ఎందుకలా అన్నదానికి జవాబు అప్పటికే పక్క లాబ్‌లో తయారవుతోంది. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఆంథొనీ సెరామీ, బ్రూస్ బాయిట్లర్ జబ్బుపడిన జంతువులు చిక్కి శల్యమవడానికి కారణమేమిటని వెతుకుతూ ఒక ప్రొటీన్‌ను పట్టుకున్నారు. 1985లో చూస్తే అదీ టీఎన్ఎఫూ ఒకటే. దాన్ని పట్టి ఆపే యాంటీబాడీ అనే ప్రొటీన్ ఇస్తే ప్రాణాంతకమైన ఎండోటాక్సిన్ డోసు నుంచి ఎలుకలు బతికాయి. కంపెనీలన్నీ సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే స్థితి) మీద పడ్డాయి. ఫలితం నిరాశే. 1996లో వెలువడిన ఒక ట్రయల్‌లో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు ఎక్కువ డోసులో తీసుకున్నవారిలో చావులు ఇంకా పెరిగాయి. అసలే ఇన్ఫెక్షన్‌తో పోరాడుతున్న ఒంట్లో సంకేతాన్ని తెంపేస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ చూపు మాత్రం కీళ్ల మీద ఉంది. మైనీ పుట్టింది పంజాబ్‌లో. ఆర్థరైటిస్ రోగుల కీళ్ల పొర నుంచి తీసిన కణాలను పెంచి, టీఎన్ఎఫ్ ఒక్కదాన్ని ఆపితే ఐఎల్-1 అనే మరో వాపు సంకేతం కూడా తగ్గిపోతుందని వాళ్ల బృందం 1989లో చూపించింది. వాపు కలిగించే సంకేతాలు డజన్లకొద్దీ ఉన్నప్పుడు ఒకదాన్ని ఆపితే ఏం లాభం అని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. 1992లో చేరింగ్ క్రాస్ ఆస్పత్రిలో ఇరవై మంది రోగులకు టీఎన్ఎఫ్‌ను ఆపే సీఏ2 అనే యాంటీబాడీ ఇచ్చారు. నొప్పి, వాపు, అలసట త్వరగానే తగ్గాయి. మందు ఆపాక జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఆ యాంటీబాడీయే ఇన్‌ఫ్లిక్సిమాబ్. 1998 ఆగస్టులో పేగు జబ్బు క్రోన్స్‌కు, మరుసటి ఏడాది ఆర్థరైటిస్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక టీఎన్ఎఫ్‌ను ఆపడానికి ఒళ్లే తయారుచేసుకునే సహజ నిరోధకం సంగతి. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 1988లో జెనీవా శాస్త్రవేత్తలు జ్వరంతో ఉన్న రోగుల మూత్రంలో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే పదార్థం ఒకటి ఉందని ప్రకటించారు. ఇజ్రాయెల్, స్వీడన్ లాబ్‌లూ దాన్నే పట్టుకున్నాయి. అదేమిటో తర్వాత తేలింది. కణం పైన టీఎన్ఎఫ్‌ను అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. వాపు ఎక్కువైనప్పుడు కణం ఆ రిసెప్టర్ల పైభాగాన్ని తెంపి బయటికి వదులుతుంది. రక్తంలో తిరిగే ఆ ముక్కలు టీఎన్ఎఫ్‌ను కణానికి చేరకుండా దారిలోనే పట్టేస్తాయి. అంటే కళ్లెం ఒంట్లోనే ఉంది, కాకపోతే త్వరగా కొట్టుకుపోతుంది. అలాంటి రెండు ముక్కలను యాంటీబాడీ తోకకు అతికించి రక్తంలో రోజుల తరబడి నిలిచేలా చేశారు. అదే ఎటనర్‌సెప్ట్, 1998 నవంబరులో వచ్చింది. సెప్సిస్ ట్రయల్‌లో ఓడిపోయిందీ ఈ మందే.

2002 చివర్లో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే పూర్తి మానవ యాంటీబాడీగా వచ్చిన అడాలిముమాబ్ ఏళ్ల తరబడి ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన మందుగా నిలిచింది.

వీటికి చెల్లించాల్సిన మూల్యం 2001లో బయటపడింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న 70 మందిలో టీబీ కనిపించిందని ఒక నివేదిక చెప్పింది. అందులో సగానికి పైగా ఊపిరితిత్తుల బయట వచ్చినవే. టీబీ క్రిములను రక్షక కణాలు చుట్టుముట్టి గడ్డలా బంధించి ఉంచుతాయి. ఆ గోడ నిలవాలంటే టీఎన్ఎఫ్ కావాలి. ప్రపంచ టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఈ ఇంజెక్షన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే, దాగి ఉన్న టీబీని పట్టే మాంటూ (చర్మ పరీక్ష) లేదా ఇగ్రా (రక్త పరీక్ష) అడిగేది అందుకే. డాక్టరు అనవసరంగా టెస్టులు రాస్తున్నారని విసుక్కోకండి.

యాంటీబాడీలకన్నా ముందే టీఎన్ఎఫ్‌ను తగ్గించిన మాత్ర ఒకటుంది. గర్భిణులు వాడితే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టడంతో 1961లో మార్కెట్ నుంచి తీసేసిన థాలిడోమైడ్ అది. 1964లో జెరూసలేంలో జేకబ్ షెస్కిన్ నిద్ర కోసం కుష్ఠు రోగులకు దాన్ని ఇస్తే, ఒళ్లంతా వాచే రియాక్షన్ తగ్గిపోయింది. అది టీఎన్ఎఫ్ తయారీని తగ్గిస్తోందని 1991లో గిల్లా కాప్లాన్ బృందం చూపేదాకా కారణం తెలియలేదు.

ఇప్పుడు పసుపు. వాట్సాప్ చెప్పే ఆ మాట వెనక నిజమైన ప్రయోగాలే ఉన్నాయి. 1980ల్లో జెనెన్‌టెక్‌లో టీఎన్ఎఫ్‌ను శుద్ధి చేసిన భరత్ అగర్వాల్, 1995లో టెక్సస్‌లో ఒక పరిశోధన ప్రచురించారు. టీఎన్ఎఫ్ సంకేతంతో కణంలో మేల్కొనే ఎన్ఎఫ్ కప్పా బీ అనే స్విచ్‌ను పసుపులోని కర్క్యుమిన్ అణచివేస్తుందని అందులో ఉంది. ఆ తర్వాత కర్క్యుమిన్ మీద వేల పత్రాలు వచ్చాయి. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు మార్కెట్లున్న మనకు ఆ మాట తియ్యగానే ఉంటుంది. కానీ అగర్వాల్ పత్రాల్లో ఇరవైకి పైగా తర్వాత జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు జరిపిన సమీక్ష ఇంకో ఇబ్బందిని ఎత్తి చూపింది. కర్క్యుమిన్ నిలకడ లేని అణువు, పరీక్షనాళికలో చాలా ప్రొటీన్లతో పనిచేస్తున్నట్టు భ్రమ కలిగిస్తుంది.

పైగా అది రక్తంలోకి ఎక్కదు. పసుపు బరువులో కర్క్యుమిన్ మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. తిన్నది కూడా పేగు, కాలేయం దగ్గరే మారిపోతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల మిరియాల పైపరిన్ ఇస్తే రక్తంలో దాని లభ్యత 20 రెట్లయింది. మొదట దాదాపు సున్నా ఉన్నది 20 రెట్లయినా ఎంతని? అయినా క్యాప్సూల్ కంపెనీలకు ఆ అంకె చాలు. అలా శోషణ పెంచిన క్యాప్సూళ్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికా, ఇటలీలలో నమోదయ్యాయి. సైడ్ ఎఫెక్టులు లేవన్న మాట కూరలో వేసే చిటికెడు పసుపుకు సరిపోతుందేమో, సీసాలో అమ్మేదానికి కాదు.

ఇంజెక్షన్ ఖర్చు మాత్రం నిజమైన సమస్యే. 2014 డిసెంబరులో జైడస్ కంపెనీ ప్రపంచంలోనే మొదటి అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను (అసలు మందుకు దాదాపు సరితూగే నకలును) మన దేశంలో విడుదల చేసింది. తర్వాత హైదరాబాద్‌కు చెందిన హెటెరో కూడా ఆ బాటలో నడిచింది. అమెరికా రోగులకు అలాంటిది 2023 దాకా అందలేదు. ధర తగ్గినా నెలనెలా కొనడం మధ్యతరగతి ఇంటికి టెన్షనే. చవకైన మాత్ర కోసం వెతుకులాట సాగుతోంది. టీఎన్ఎఫ్ మూడు ముక్కలు కలిసి పనిచేసే ప్రొటీన్. అందులో ఒక ముక్కను ఊడదీసే చిన్న అణువును 2005లోనే కనిపెట్టారు గానీ అది మందుగా మారలేదు. నోటితో వేసుకునే కొత్త అణువులు ఇప్పుడు ట్రయల్స్‌లో ఉన్నాయి.