మేకకు అన్నం ఎందుకు పడదు

బోనాలు అయిన మర్నాడు బోడుప్పల్‌లో మా అత్తమ్మ వాళ్లింట్లో రెండు పెద్ద గిన్నెల అన్నం మిగిలింది. పారెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. వెనక దొడ్లో కట్టేసిన మేక ముందు పెట్టేశాం, అది కూడా తల ఎత్తకుండా మొత్తం తినేసింది. పొద్దున చూస్తే తల వేలాడేసి నిలబడి ఉంది, పళ్లు కొరుకుతోంది, నెమరు లేదు. ఎడమ డొక్క ఉబ్బి ఉంది, చేత్తో నొక్కితే లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు. మధ్యాహ్నానికి పుల్లటి వాసనతో పారుడు మొదలైంది.

పక్కింటి అవ్వ వచ్చి చూసి "కడుపు చెడ్డట్టుంది బిడ్డా, గింత మజ్జిగ పొయ్యరాదు" అంది. మనుషులకైతే మనమంతా చేసేది అదే, ఆమె ప్రేమగానే చెప్పింది. కానీ ఆ రోజు ఆ మేకకు మజ్జిగ పట్టి ఉంటే మంచి కన్నా చెడే ఎక్కువ జరిగేది. ఎందుకో తెలియాలంటే మేక పొట్టలో అసలు ఏం జరుగుతుందో తెలియాలి.

మేక తిన్నది మన లాగా నేరుగా అరగదు. దాని పొట్టలో నాలుగు గదులు ఉంటాయి, వాటిలో మొదటిది, అన్నిటికన్నా పెద్దది రుమెన్. శరీరంలో ఎడమ వైపు దాదాపు అంతా అదే ఆక్రమించి ఉంటుంది. దాన్ని పొట్ట అనేకన్నా పులియబెట్టే కుండ అంటే సరిగ్గా ఉంటుంది: లోపల గాలి తగలదు, వేడి 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది, ఒక్క మిల్లీలీటరు ద్రవంలో వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా, వాటితో పాటు లక్షల్లో ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు, కొన్ని రకాల బూజులు కూడా. ఆ ప్రోటోజోవాను 1843లోనే ఫ్రాన్స్‌లో గ్రూబీ, డెలాఫాన్ అనే ఇద్దరు మైక్రోస్కోపు కింద చూసి రాశారు. గడ్డిలోని పీచును అరిగించే శక్తి మేకకు సొంతంగా లేదు. ఈ సూక్ష్మజీవులే పీచును విరిచి ఆమ్లాలుగా మారుస్తాయి, మేక ఆ ఆమ్లాలను రుమెన్ గోడల నుంచి పీల్చుకుని బతుకుతుంది. దానికి కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం వచ్చేది అక్కడి నుంచే. అంటే మనం మేకకు మేత వేస్తున్నాం అనుకుంటాం గానీ నిజానికి మేత వేసేది ఆ సూక్ష్మజీవులకు, అవి మేకను పోషిస్తాయి.

ఇది ఒక్కటి మనసులో పెట్టుకుంటే మేక పొట్ట జబ్బుల్లో సగం అర్థమవుతాయి.

గడ్డిని అరిగించే బ్యాక్టీరియా నిదానంగా పని చేస్తాయి. అన్నం, గోధుమ పిండి, జొన్నలు, మొక్కజొన్న, రొట్టెలు, బ్రెడ్డు, ఇవన్నీ పిండి పదార్థం. అలవాటు లేని మేక ఇవి ఒక్కసారిగా ఎక్కువ తింటే స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే మరో రకం బ్యాక్టీరియా నిమిషాల లెక్కన రెట్టింపవుతూ పెరిగి, ఆ పిండిని లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. మామూలుగా రుమెన్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువ) 6కు 7కు మధ్య ఉంటుంది. అది 5.5 కంటే దిగిందంటే గడ్డి తినే మంచి బ్యాక్టీరియా చచ్చిపోవడం మొదలవుతుంది, ఆ పులుపులో లాక్టోబాసిల్లస్ లాంటివి ఇంకా జోరందుకుని ఆమ్లాన్ని ఇంకా పెంచుతాయి. రుమెన్‌లో ఆమ్లం చిక్కబడేసరికి రక్తంలోని నీరు పొట్టలోకి లాక్కుపోతుంది. మా మేక డొక్కలో కదిలిన నీళ్లు బయట తాగినవి కావు, దాని ఒంట్లోంచి వచ్చినవే. అందుకే ఒకవైపు పొట్ట నిండా నీళ్లు, ఇంకోవైపు కళ్లు లోపలికి పోయి, మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెనక్కి వెళ్లడానికి టైమ్ పడుతుంది. దీన్నే అసిడోసిస్ అంటారు. తిన్న తర్వాత పన్నెండు గంటల నుంచి ఒకటిన్నర రోజు లోపు లక్షణాలు బయటపడతాయి, తీవ్రంగా ఉంటే ప్రాణం పోతుంది.

ఇప్పుడు మజ్జిగ సంగతి. మజ్జిగ పుల్లగా ఉండేది లాక్టిక్ ఆమ్లం వల్లే. అప్పటికే లాక్టిక్ ఆమ్లంతో నిండిపోయిన పొట్టలో ఇంకాస్త పోయడం అన్నమాట. బెల్లం నీళ్లు, గ్లూకోజ్ పొడి కూడా అంతే, ఆ బ్యాక్టీరియాకు మళ్లీ మేత. ఇక మనుషుల కోసం ఇంట్లో పెట్టుకున్న యాంటీబయాటిక్ మాత్రలు మింగించడం నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించే పని, ఎందుకంటే మిగిలిన కాస్త మంచి బ్యాక్టీరియాను కూడా అవి చంపేస్తాయి.

పశువుల డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆయన మొదట అన్న మాట "గింజ, అన్నం పూర్తిగా బంద్ చెయ్యండి, ఎండు గడ్డి మాత్రం ముందు పెట్టండి". తర్వాత పాతిక కిలోల మా మేకకు 15 గ్రాముల వంటసోడా అర లీటరు గోరువెచ్చని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పట్టించమన్నారు. సోడా ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మేక లాలాజలంలో కూడా సహజంగా ఉండేది ఈ బైకార్బొనేటే, ఎండుగడ్డి నమిలి నెమరు వేసినప్పుడు రోజుకు లీటర్ల కొద్దీ లాలాజలం ఊరి రుమెన్‌లోకి పోతుంది. అన్నానికి నమలాల్సిన పని లేదు, లాలాజలం ఊరదు, ఆమ్లానికి అడ్డు ఉండదు. గడ్డి మేతే కాదు మందు కూడా అని నాకు ఆ రోజే అర్థమైంది. సాయంత్రం ఆయన వచ్చి సెలైన్ ఎక్కించి, బి1 విటమిన్ ఇంజెక్షన్ వేశారు. బి1 ఎందుకంటే దాన్ని మేకకు తయారు చేసి ఇచ్చేది కూడా రుమెన్ బ్యాక్టీరియానే, అవి చచ్చిపోతే విటమిన్ తగ్గి మెదడు దెబ్బతింటుంది, మేక గోడకు తల ఆనించి నిలబడటం, చూపు పోవడం అప్పుడే జరుగుతాయి.

అన్ని ఉబ్బరాలూ ఇవే కావు. పచ్చి లూసర్న్ లాంటి పశుగ్రాసాలు తడి మీద బాగా మేస్తే రుమెన్‌లో గ్యాస్ సబ్బు నురగలా చిక్కుకుపోయి త్రేన్పు రూపంలో బయటికి రాదు. ఎడమ డొక్క డప్పులా బిగుసుకుంటుంది, ఊపిరి ఆడదు, గంటల్లో చచ్చిపోవచ్చు. దీనికి యాభై నుంచి వంద మిల్లీలీటర్ల వేరుశనగ నూనె పనికొస్తుంది, నూనె నురగను విడగొడుతుంది. ముందు కాళ్లు మెట్టు మీద ఎత్తుగా పెట్టి నిలబెట్టి, ఎడమ వైపు పిడికిలితో మెల్లగా పిసుకుతూ ఉంటే గ్యాస్ పైకి వస్తుంది. ఇలా బిగుసుకున్న పొట్టలోకి సోడా పోయకూడదు, ఆమ్లంతో కలిస్తే అదే ఇంకా గ్యాస్ పుట్టిస్తుంది. డొక్కలో సూది గుచ్చడం డాక్టర్ పని. హైదరాబాద్ వీధుల్లో తిరిగే మేకలకు ఇంకో కష్టం, ప్లాస్టిక్ కవర్లు: అవి పొట్టలో ఉండ కడితే ఇంటి వైద్యం ఏదీ లేదు, ఆపరేషనే.

నూనె అయినా సోడా నీళ్లు అయినా పట్టించే పద్ధతి చాలా ముఖ్యం, దీని గురించి నేను ఎవరికైనా రెండుసార్లు చెప్తాను. తల పైకెత్తి గొంతులో పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నూనె అయితే మరీ ప్రమాదం. ముక్కు కళ్ల ఎత్తు కన్నా పైకి లేవకూడదు. పెదవి పక్క నుంచి, పళ్లు లేని ఖాళీలోంచి సూది తీసేసిన ఇరవై మిల్లీలీటర్ల సిరంజితో కొంచెం పోయాలి, మింగిందని గొంతు కదలడం చూశాకే మళ్లీ పోయాలి. దగ్గితే వెంటనే తల వదిలేయాలి. లేవలేని, మింగలేని మేకకు నోట్లో ఏమీ పోయకూడదు.

పాలు తాగే మేక పిల్లల సంగతి వేరు. చీకుడు మొదలుపెట్టగానే అన్నవాహిక చివర ఒక మడత మూసుకుని పాలు రుమెన్ తగలకుండా నేరుగా నాలుగో గదిలోకి పోతాయి, కాబట్టి వాటి పారుడుకు ఓఆర్ఎస్ నీళ్లు బాగా పని చేస్తాయి, పాలు పూర్తిగా మానిపించకూడదు. పారుడుతో పాటు జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు ఉంటే అది అజీర్తి అనుకోవద్దు, పీపీఆర్ (మేకల ప్లేగు) వైరస్ కావచ్చు, పక్క మేకలకు అంటుతుంది. మేక మామూలు ఒంటి వేడి 102, 103 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, మన లెక్కలో జ్వరం అనిపించేది దానికి జ్వరం కాదు. తెలంగాణలో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, ఆ నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. బక్రీద్‌కు నాలుగు రోజుల ముందే మేకను తెచ్చి, పిల్లలు ముద్దుగా రొట్టెలు, శనగలు తినిపించే ఇళ్లలో కూడా ఈ నంబర్ ఉండాలి.

రెండో రోజు పొద్దున డాక్టర్ చెప్పినట్టే పక్క వీధిలో ఆరోగ్యంగా ఉన్న మేక నెమరు వేస్తుండగా వాళ్ల తాత దాని నోట్లోంచి నెమరు ముద్ద తీసి ఇస్తే, గోరువెచ్చని నీళ్లలో కలిపి గుడ్డలో వడకట్టి మా మేకకు పట్టించాం. చచ్చిపోయిన బ్యాక్టీరియా స్థానంలో బతికున్నవి వేయడం ఇది, పాలు తోడేసినట్టే. చాలా పశువులుంటే డాక్టర్లు కబేళా నుంచి రుమెన్ ద్రవం తెచ్చి ఇదే పని చేస్తారు. ఆ రోజంతా గంటకోసారి ఎడమ డొక్క మీద చెవి పెట్టి విన్నాను. ఆరోగ్యంగా ఉన్న రుమెన్ నిమిషానికి ఒకటి రెండుసార్లు దూరపు ఉరుములా గుర్రుమంటుంది. మొదట ఏమీ లేదు. రాత్రి తొమ్మిదికి ఒకటి వినిపించింది, చాలాసేపటికి ఇంకొకటి. మూడో రోజు వేప రెమ్మ అందిస్తే నాలుగు ఆకులు తెంపుకుని, కాసేపటికి పడుకుని దవడ పక్కకు ఆడిస్తూ నెమరు మొదలుపెట్టింది, అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఐదో రోజుకు పారుడు పోయి విడివిడిగా పెంటికలు పడ్డాయి.

తవుడు మళ్లీ మొదలుపెట్టింది పది రోజుల తర్వాత, అదీ గుప్పెడు. అయినా డాక్టర్ గిట్టలు చూస్తూ ఉండమన్నారు, ఈ ఆమ్లం దెబ్బకు గిట్టల్లో రక్తప్రసరణ చెడి కొన్ని వారాలకు కుంటడం మొదలవుతుందట. ఇప్పుడు రోజూ పొద్దున నాలుగు గిట్టలూ పట్టుకుని వేడిగా ఉన్నాయేమో చూస్తున్నాం.