అందరికీ వినిపించడమే లోపం అనుకున్న రోజులు

రేడియోకు డబ్బు ఎవరు కట్టాలి? ప్రకటనలిచ్చే వ్యాపారులా, వినే ప్రజలా, ప్రభుత్వమా? ఈ వాదన ప్రసారాలతోపాటే పుట్టింది. దాని మూలం మాత్రం ఇంకా వెనక, రేడియోను ప్రసార సాధనంగా దాదాపు ఎవరూ ఊహించని కాలంలో ఉంది.

విద్యుదయస్కాంత తరంగాలున్నాయని 1888 నాటికే హెర్ట్జ్ జర్మనీలో ప్రయోగాలతో నిరూపించారు. 1896లో బ్రిటన్‌లో పేటెంటు కోరిన మార్కోనీకి కావలసింది తీగ లేని టెలిగ్రాఫు: ఓడ నుంచి తీరానికి, ఒకరి నుంచి ఒకరికి కబురు. అలా చూస్తే, పంపిన సంకేతం పరికరం ఉన్న ప్రతివారి చెవినా పడటం పెద్ద లోపమే. పంపే, అందుకునే పరికరాలను ఒకే తరంగానికి శ్రుతి కలిపితే రహస్యం నిలుస్తుందని మార్కోనీ నమ్మబలికారు. 1903 జూన్‌లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన పద్ధతిని ఆయన సలహాదారు, శాస్త్రవేత్త ఫ్లెమింగ్ ప్రదర్శించబోతుండగా పరికరం ముందే టకటకలాడింది. ఎలుకలు అనే అర్థమున్న ఇంగ్లిష్ మాట మోర్స్ సంకేతాల్లో పదే పదే వచ్చింది. వెంటనే మార్కోనీని ఎగతాళి చేస్తూ ఒక పద్యం. పంపింది నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు. ఫ్లెమింగ్ మండిపడ్డారు. కానీ రేడియో అసలు స్వభావం ఆ రోజే బయటపడిందని నేను అనుకుంటాను.

విద్యుత్ రవ్వలతో నడిచే ఆనాటి యంత్రాలకు గొంతును స్పష్టంగా మోసే శక్తి లేదు. అందుకు తెగని తరంగం కావాలి. 1906 డిసెంబరు 21న అమెరికాలోని బ్రాంట్ రాక్‌లో ఫెసెండెన్ అనే ఆవిష్కర్త అలాంటి తరంగం మీద మాటలు పంపి చూపించారు. మూడు రోజుల తర్వాత క్రిస్మస్ ముందు రాత్రి ఆయన ఓడలకు సంగీతం వినిపించారన్న కథ ఎంతో ప్రసిద్ధం. దానికి ఆధారం పాతికేళ్ల తర్వాత ఆయనే రాసిన ఉత్తరం, అందుకే చరిత్రకారులు సందేహిస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం, రేడియో సంకేతాలను పుట్టించి పెంచే వాక్యూమ్ ట్యూబుల తయారీని భారీగా పెంచింది. యుద్ధం ముగిశాక ఔత్సాహికులు వాటిని అందిపుచ్చుకున్నారు. 1919 నవంబరు 6న ద హేగ్‌లో ఇడ్జెర్డా అనే ఇంజనీరు పత్రికలో ముందుగా ప్రకటించి మరీ కచేరీ ప్రసారం చేశారు. అమెరికాలో ఫ్రాంక్ కాన్రాడ్ తన గ్యారేజీ నుంచి గ్రామఫోను రికార్డులు వినిపించేవారు. వాటిని వినడానికి రిసీవర్లు కొనండంటూ 1920లో పిట్స్‌బర్గ్ దుకాణమొకటి పత్రికలో ప్రకటన వేసింది. కాన్రాడ్ పనిచేసే వెస్టింగ్‌హౌస్ కంపెనీ పెద్దల కళ్లు తెరిపించింది అదే. అందరికీ వినిపించడం లోపం కాదు, అదే సరుకు! నవంబరు 2న ఆ కంపెనీ కేడీకేఏ కేంద్రం అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసింది. మొదటి కేంద్రం ఏదన్న పోటీలో డెట్రాయిట్ వంటి ఊళ్లూ ఉన్నాయి. నాకు మాత్రం ఆ పోటీ కంటే ఈ మలుపే ముఖ్యం.

అయితే రిసీవరు ఒక్కసారే అమ్ముడవుతుంది, కార్యక్రమం రోజూ కావాలి. విన్నవారి లెక్క తేలదు, డబ్బు కట్టనివారిని వినకుండా ఆపలేరు. 1922 ఆగస్టు 28న న్యూయార్క్‌లోని డబ్ల్యూఈఏఎఫ్ రేడియో కేంద్రం, ఇళ్లు కట్టే సంస్థ నుంచి డబ్బు తీసుకుని దాని ప్రకటనకు ప్రసార సమయం అమ్మింది. అదే ఏడాది బ్రిటన్‌లో రిసీవర్ల తయారీదారులు కలిసి బీబీసీని స్థాపించారు. అక్కడ వినేవారు అప్పట్లో ఏటా 10 షిల్లింగుల లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. 1927లో బీబీసీ ప్రజా సంస్థగా మారినా ఆ లైసెన్సు రుసుము కొనసాగింది.

ఇడ్జెర్డాకు ఈ రెండు దారులూ దొరకలేదు. శ్రోతల విరాళాలతో నెట్టుకొచ్చి, 1924లో దివాలా తీసి కేంద్రాన్ని మూసేశారు.