చుక్కలకూ యాస ఉంటుంది

హైదరాబాద్‌లో ఓ టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్లో మా బావతో మాట్లాడుతున్నాను. "ఏటి బావా, ఎప్పుడొస్తన్నావు?" అన్నానో లేదో, పక్కన గ్లాసు పట్టుకున్న పెద్దాయన ఇటు తిరిగి "సిక్కోలా బాబూ మీది?" అని అడిగాడు. ఆయనది పలాస దగ్గర పల్లె. ఊరు వదిలి ముప్పై ఏళ్లయిందట. మా శ్రీకాకుళం జిల్లాలో వలస వెళ్లినవాళ్లు లేని ఇల్లు తక్కువే. ఎంత దూరం పోయినా మొదటి మాటకే ఊరు బయటపడిపోతుంది.

నక్షత్రాలూ పుట్టినచోట ఉండవు. వందల కోట్ల ఏళ్లు పాలపుంతలో తిరిగి తిరిగి ఎక్కడెక్కడికో చేరతాయి. కానీ ఏ వాయుమేఘంలో పుట్టాయో ఆ మేఘంలోని మూలకాల పాళ్లు వాటి పైపొరల్లో చాలావరకు అలాగే నిలిచి ఉంటాయి. అదే వాటి యాస. లక్షల నక్షత్రాల యాసను ఒక్కొక్కటిగా వినే పనినే వర్ణపట సర్వే అంటున్నారు.

నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీయే వర్ణపటం. అందులో మధ్యమధ్య సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకం కొన్ని రంగులనే మింగుతుంది, కాబట్టి గీత ఉన్న చోటును బట్టి మూలకం పేరు చెప్పొచ్చు. ఎంత ఉందో చెప్పడమే కష్టం. సూర్యుడి వర్ణపటంలో కాల్షియం గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నిజానికి అక్కడ పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు కాల్షియంవి రెండే. గీత ఎంత ముదురుగా పడాలన్నది వేడిమీద కూడా ఆధారపడుతుంది. ఆ లెక్కకు దారి వేసింది మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా, 1920లో. ఆ దారిన వెళ్లి, నక్షత్రాల్లో అన్నిటికంటే ఎక్కువున్నది హైడ్రోజనే అని 1925లో తేల్చింది ఖగోళ శాస్త్రవేత్త సెసిలియా పేన్. ఈ ఇద్దరి పేర్లూ మన పిల్లలకు నోటికి రావాలని నా కోరిక.

ఇక వేగం. ఆమదాలవలస స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్ హారన్ కొడుతూ దూసుకుపోయేటప్పుడు చెవి పెట్టి వినండి. దగ్గరికి వచ్చేదాకా కీచుగా ఉన్న కూత, మనల్ని దాటగానే గొంతు దిగిపోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి స్వరం అటూ ఇటూ సుమారు 8 శాతం మారుతుంది, అందుకే చెవికి తెలుస్తుంది. వెలుగుకూ ఇదే జరుగుతుంది. నక్షత్రం దూరమవుతుంటే గీతలు ఎరుపు వైపు, దగ్గరవుతుంటే నీలం వైపు జరుగుతాయి. అయితే సెకనుకు 30 కిలోమీటర్ల వేగానికి కూడా ఆ జరుగుడు పదివేలలో ఒక వంతే. అందుకే ఒక్క గీతను నమ్ముకోరు, వందల గీతలను కలిపి కొలుస్తారు. పైగా మనమూ కదిలే రైల్లోనే ఉన్నాం. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు పరుగెడుతోంది. దాన్ని తీసేస్తేగాని నక్షత్రం అసలు వేగం రాదు.

అమెరికాలోని న్యూమెక్సికోలో 2011లో మొదలైన అపోజీ సర్వే పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఆకాశంలో ఒక ముక్కను ఎంచుకుని, అందులో ఏ నక్షత్రం వెలుగు ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే అల్యూమినియం పళ్లానికి రంధ్రాలు వేసేవారు. పగటిపూట మనుషులు కూర్చుని ఒక్కో రంధ్రంలో ఒక్కో సన్నని గాజుతీగ గుచ్చేవారు, మొత్తం 300. రాత్రి టెలిస్కోప్ తిరిగితే 300 నక్షత్రాల వెలుగు ఒకేసారి పరికరంలోకి చేరేది. పూలమాల గుచ్చినంత ఓపికతో చేసిన ఆ పనిని తర్వాత రోబోలకు అప్పగించారు. చైనాలోని లామోస్ట్ టెలిస్కోప్‌లో ఇలాంటి తీగలు 4000. అది తీసిన వర్ణపటాలు కోటి దాటాయి.

గీతల జరుగుడుతో తెలిసేది నక్షత్రం మనకు ఎదురుగా వచ్చే, పోయే వేగమే. పక్కకు జరిగే కదలికను 2013లో ఎగిరిన గాయా ఉపగ్రహం కొలిచింది. 2018లో గాయా కొలతలను, అపోజీ చెప్పిన మూలకాల పాళ్లను ఎదురెదురుగా పెట్టి చూస్తే ఒక పెద్ద గుంపు తేలింది. ఆ నక్షత్రాల నడక పాలపుంత నడకలా లేదు, యాసా వేరు. ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం తక్కువ. మెగ్నీషియం ఇచ్చేవి త్వరగా పేలిపోయే భారీ నక్షత్రాలు. ఇనుములో ఎక్కువ భాగం ఆలస్యంగా పేలే మరో రకం నుంచి వస్తుంది. కొత్త నక్షత్రాల పుట్టుక నెమ్మదిగా సాగితే, ఆలస్యంగా వచ్చే ఇనుముకూ కలిసే సమయం దొరుకుతుంది. అంటే ఆ గుంపు నక్షత్రాలు నెమ్మదిగా కాన్పులు జరిగే చిన్న ఊళ్లో పుట్టాయి. సుమారు 1000 కోట్ల ఏళ్ల కిందట పాలపుంతలో కలిసిపోయిన ఆ చిన్న గెలాక్సీకి గాయా ఎన్సెలాడస్ అని పేరు పెట్టారు. ఊరు చెదిరిపోయి ఇన్ని కోట్ల ఏళ్లయినా దాని మాట పోలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నా ఒళ్లు జలదరిస్తుంది.

ఏడాదికి రెండుసార్లు అరసవల్లి గుడిలో స్వామి పాదాలను తాకే కిరణాలు కూడా ఒక వలసజీవి పంపినవే. తన ఈడు ఇరుగుపొరుగు నక్షత్రాలతో పోలిస్తే సూర్యుడిలో లోహాల పాళ్లు కాస్త ఎక్కువ. పాలపుంత నడిమధ్యకు దగ్గరయ్యేకొద్దీ లోహాల పాళ్లు పెరుగుతాయి. అందుకే అక్కడికి ఇప్పటికంటే దగ్గర్లో పుట్టి ఇటు జరిగాడని చాలామంది శాస్త్రజ్ఞుల అంచనా. తోడపుట్టినవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు. హెచ్‌డి 162826 అనే నక్షత్రం అలాంటి తోబుట్టువు కావచ్చని 2014లో ఒక బృందం చెప్పింది. 110 కాంతి సంవత్సరాల దూరం, ఆకాశంలో చూడటానికి అభిజిత్ నక్షత్రానికి దగ్గర్లోనే. మే, జూన్ నెలల్లో కళింగపట్నం తీరాన దీపాలు లేని చోట నిలబడి తల ఎత్తితే, మామూలు బైనాక్యులర్‌కే అందుతుంది.