అరవై దాటిన కండలకు క్రియాటిన్

బరువులెత్తడం ఒడిశాలోని మన బ్రహ్మపురానికి కొత్త కాదు. 2010 దిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన రవికుమార్ ఈ ఊరివాడే. అయినా అది కుర్రాళ్ల పని అనే మాట ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇంకా పోలేదు. నిజానికి ఆ అవసరం అరవై దాటిన మగవారికే ఎక్కువ.

వయసు మీదపడే కొద్దీ అన్ని కండర తంతువులూ ఒకేలా తరగవు. చటుక్కున బలం చూపేవే ఎక్కువగా సన్నబడతాయి. కుర్చీలోంచి లేవాలన్నా, గడప తగిలి తూలినప్పుడు నిలదొక్కుకోవాలన్నా కావలసినవి అవే. కండకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం ఖర్చవుతుంటే, తన దగ్గరున్న ఫాస్ఫేటును ఇచ్చి దాన్ని క్షణాల్లో తిరిగి తయారుచేసేది క్రియాటిన్.

దీన్ని మన శరీరమే రోజుకు సుమారు ఒక గ్రాము తయారుచేసుకుంటుంది. కిలో చేపలో ఉండేది 4-5 గ్రాములు. పొడిగా తీసుకుంటే రోజుకు 3-5 గ్రాములు చాలు. 22 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలో, వ్యాయామంతో పాటు క్రియాటిన్ తీసుకున్న పెద్దవయసువారికి, వ్యాయామం మాత్రమే చేసినవారికంటే కొవ్వు కాని బరువు సగటున 1.4 కిలోలు ఎక్కువ పెరిగింది. అందులో కొంత నీరే కావచ్చు. బలం పెరిగిన మాట మాత్రం నిజం. బరువులు ముట్టకుండా పొడి తాగితే ఒరిగేది స్వల్పం.

ఇచ్ఛాపురం దాటితే, కిడ్నీ జబ్బుతో సతమతమవుతున్న ఉద్దానం. మనకు చుట్టాలున్న ఆ పల్లెల్లో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తెలియని ఇల్లు లేదు. క్రియాటిన్ విరిగితే వచ్చేది ఆ క్రియాటినినే. కాబట్టి పొడి వాడేవారికి, కిడ్నీలు బాగున్నా రక్తంలో ఆ అంకె కాస్త పెరగవచ్చు. అది చూసి హడలిపోనక్కర్లేదు. నాకు అంతకంటే భయం కలిగించేది ఇంకొకటి: నిజంగా దెబ్బతిన్న కిడ్నీని ‘పొడి వల్లే’ అని కొట్టిపారేయడం. ఉద్దానం జబ్బు తరచూ మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోకుండానే ముదురుతుంది. అందుకే అక్కడ క్రియాటినిన్ అంకె చాలా విలువైన ఆధారం. దాన్ని గజిబిజి చేసుకోకూడదు. పొడి మొదలుపెట్టకముందే పరీక్ష చేయించుకుని కాగితం దాచుకోవాలి; తరువాత ఎప్పుడు పరీక్షకు వెళ్లినా పొడి సంగతి వైద్యుడికి చెప్పాలి. సందేహం ఉంటే కిడ్నీల పనితీరునే చూసే సిస్టాటిన్-సి అనే మరో రక్తపరీక్ష ఉంది, క్రియాటిన్ దాన్ని మార్చదు.

కిడ్నీ జబ్బు ఉందని తేలినవారు వైద్యుడు చెప్పనిదే ఈ పొడి ముట్టకూడదు. వ్యాయామం మాత్రం వారికీ మంచిదే. వైద్యుడిని అడిగి, తేలికపాటి బరువులతో వారానికి రెండు రోజులు మొదలుపెట్టవచ్చు.