“చాలెంజ్ ఓటు ఇవ్వండి మాస్టారూ”: వార్డు ఎన్నికల్లో ఓటుపై అపోహలు, వాస్తవాలు

2021 మార్చి 10, జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికల పోలింగ్ రోజు. గాజువాక వైపు ఒక స్కూల్లో నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని, అంటే ఆ బూత్ బాధ్యత నాది. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఒక కుర్రాడు వచ్చాడు. ఒక చేతిలో కొత్త ఓటరు కార్డు, ఇంకో చేతిలో ఆధార్. లిస్టులో పేరు లేదు. మొదటి నుంచి ఒకసారి, చివర కలిపిన అనుబంధం ఒకసారి చూశాం. లేదు.

“అయితే చాలెంజ్ ఓటు ఇవ్వండి మాస్టారూ. సెక్షన్ 49ఎ ప్రకారం ఇవ్వాలట. వాట్సాప్‌లో వచ్చింది. ఫోను గేటు దగ్గర ఉంచేయమన్నారు గానీ, లేకపోతే చూపిద్దును.”

ఆ మెసేజ్ నాకూ వచ్చింది. ప్రతి ఎన్నికకీ వస్తుంది. అందులో ఉన్నది తప్పు. లిస్టులో పేరు లేకపోతే ఆధార్ చూపించి ఓటు వేసే సెక్షన్ ఏదీ లేదు. చాలెంజ్ ఓటు అనేది నిజంగా ఉంది, కానీ దాని సంగతి వేరు. పేరు లిస్టులో ఉండి, మనిషి వచ్చాక, “ఈయన ఆయన కాడు” అని పోలింగ్ ఏజెంట్ అభ్యంతరం చెబితే దాన్ని చాలెంజ్ అంటారు. అసెంబ్లీ ఎన్నికల్లో దానికి ఏజెంట్ రెండు రూపాయలు డిపాజిట్ కట్టాలి. ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారించి తేలుస్తాడు. అంటే ఆ హక్కు అభ్యంతరం చెప్పేవాడిది. పేరు లేనివాడికి అది దారి చూపించదు.

కుర్రాడు వెళ్లిపోయాడు. కార్డు మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు.

“ఓటరు కార్డు ఉంది కాబట్టి ఓటు ఉన్నట్టే”

ఓటు పోగొట్టే అపోహల్లో దీనికి మించింది నేను చూడలేదు. కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. ఓటు ఉండేది లిస్టులో. లిస్టులో పేరుండి కార్డు పోయినా ఫర్వాలేదు, ఎన్నికల సంఘం ఒప్పుకున్న వేరే ఫొటో గుర్తింపు కార్డు ఏదైనా తెస్తే చాలు. కార్డుండి లిస్టులో పేరు లేకపోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

స్థానిక ఎన్నికలు నడిపేది ఢిల్లీలోని ఎన్నికల సంఘం కాదు, మన రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ ఓటర్ల జాబితానే తీసుకుని ఇంటి నంబర్ల ప్రకారం వార్డులుగా విడగొడతారు. 2021లో జీవీఎంసీలో 98 వార్డులు. రోడ్డుకి ఈ పక్క ఒక వార్డు, ఆ పక్క ఇంకొకటి పడొచ్చు. అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఓటేసిన స్కూలు వేరు, వార్డు ఎన్నికలో మీ స్కూలు వేరు కావచ్చు. పాత స్కూలుకి వెళ్లి లైన్లో గంట నిలబడి, పేరు లేదనిపించుకుని ఇంటికెళ్లిపోయిన వాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల పేరు మాయం కాలేదు, పక్క వార్డు లిస్టులో ఉంది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఆ జాబితాకి ఒక ఆఖరి తేదీ ఉంటుంది. 2020 మార్చిలో నామినేషన్లయ్యాక కరోనా వల్ల మున్సిపల్ ఎన్నికలు ఆగాయి. 2021లో మళ్లీ మొదట్నుంచి కాకుండా ఆగిన చోటి నుంచే మొదలుపెట్టారు. ఆ మధ్యలో 18 నిండి కార్డు తెచ్చుకున్న పిల్లల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. 2021 పంచాయతీ ఎన్నికలైతే 2019 జాబితాతోనే జరిగాయి. అందుకే ఇంట్లో 18 నిండిన పిల్లలుంటే ఎన్నిక ఎప్పుడో తెలిసేదాకా ఆగకండి. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, ఏడాదికి నాలుగు తేదీల్లో దేని నాటికి 18 నిండినా కొత్త ఓటు కోసం ఫారం 6 పెట్టుకోవచ్చు. ఇల్లు మారితే, అది ఇదే ఊళ్లో పక్క వీధి అయినా, ఫారం 8 పెట్టాలి. సందేహముంటే 1950కి ఫోన్ చేయండి. వార్డుల వారీ ముసాయిదా లిస్టు పెట్టినప్పుడు మాత్రం స్వయంగా వెళ్లి వేలు పెట్టి చూసుకోండి. మీ పేరు చూసి వచ్చేయకుండా, ఇంట్లో అందరివీ ఒకే వార్డులో ఉన్నాయో లేదో కూడా చూడండి.

“ఊళ్లో సర్పంచ్‌కి ఒకటి, పట్నంలో కార్పొరేటర్‌కి ఒకటి”

విశాఖలో సగం వీధులు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లవే. ఊరి మీద మమకారం నాకూ ఉంది, మా వాళ్లదీ అటువైపే. కానీ ఒక మనిషి ఒక్క చోటే ఓటరుగా ఉండాలి. రెండు జాబితాల్లో పేరుండడం చట్టం ఒప్పుకోదు, వేరే చోట ఓటు లేదని అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది వరకూ జైలుశిక్ష ఉంది. 2021లో పంచాయతీలకి ఫిబ్రవరిలో, మున్సిపాలిటీలకి మార్చిలో పోలింగ్ జరిగేసరికి, తేదీలు వేరు కదా, రెండుచోట్లా వేయొచ్చని చాలామంది అనుకున్నారు. తేదీలు వేరైనంత మాత్రాన ఒకరికి రెండు ఓట్లు రావు. మీ కుళాయి, మీ కాలవ, మీ చెత్తబండి ఎక్కడుంటే ఓటు అక్కడ ఉంచుకోమనే నా సలహా.

“రాలేకపోతే పోస్టులో పంపొచ్చు”

హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఇదే. మామూలు ఓటరుకి పోస్టల్ ఓటు లేదు. దుబాయ్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా అంతే. రైలో విమానమో ఎక్కి రావాల్సిందే. ఓడల మీద పనిచేసే పిల్లలు మనకి ఎక్కువ. నేవీ వాళ్లకి అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో సర్వీస్ ఓటు ఉంటుంది గానీ మర్చంట్ నేవీ వాళ్లు ఆ లెక్కలోకి రారు.

2024లో 85 దాటిన పెద్దవాళ్ల దగ్గరికి, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్ల దగ్గరికి ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. అది ఫారం 12డి కింద అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకి ఇచ్చిన వెసులుబాటు. వార్డు ఎన్నికకి అది తనంతట తాను వర్తించదు. రాష్ట్ర ఎన్నికల సంఘం విడిగా ప్రకటిస్తేనే. “పోయినసారి ఇంటికొచ్చారు కదా, ఈసారీ వస్తారు” అని మంచం మీద ఎదురుచూసే పెద్దవాళ్లుంటారు. దయచేసి వాళ్లకి ముందే కనుక్కుని చెప్పండి. తీసుకొస్తే వాళ్లని లైన్లో నిలబెట్టరు. చూపు లేనివాళ్లకి, చెయ్యి సాగనివాళ్లకి 18 నిండిన ఒకరు తోడు రావొచ్చు, కానీ ఒక్కరికే తోడు. అపార్ట్‌మెంట్‌లో నలుగురు మామ్మల్ని ఒకే కుర్రాడు తీసుకొచ్చి వేయిస్తానంటే కుదరదు.

మరి పోస్టల్ ఓటు ఎవరికి? ముఖ్యంగా మాలాంటి ఎలక్షన్ డ్యూటీ వాళ్లకి. డ్యూటీ ఆర్డర్ చేతికి రాగానే సొంత వార్డు రిటర్నింగ్ ఆఫీసర్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి, డ్యూటీ పడిన వార్డుకి కాదు. తోటి టీచర్లకి ఒక మాట. బ్యాలెట్ లోపలి చిన్న కవర్లో పెట్టాలి. సంతకాలు చేసిన డిక్లరేషన్ ఆ కవరు బయట ఉండాలి. రెండూ కలిపి పెద్ద కవర్లో. కంగారులో డిక్లరేషన్‌ని కూడా చిన్న కవర్లో పెట్టి అంటించేస్తే, లెక్కింపులో పెద్ద కవరు తెరిచినవాళ్లకి డిక్లరేషన్ కనబడదు, చిన్న కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. ఇరవైమందికి క్లాసు చెప్పినవాళ్లం, మన ఓటే అలా పోతే బాధగా ఉంటుంది.

“నా ఓటు ఎవరో వేసేశారు, ఇక చేసేదేం లేదు”

ఒకసారి ఒక పెద్దావిడ వచ్చి, “నా ఓటు ఎవలో ఏసేసినారంట బాబూ” అని గుమ్మంలోనే కూలబడింది. ఆవిడని లోపలికి పిలిచి, కార్డు చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి, టెండర్డ్ బ్యాలెట్ ఇచ్చాను. అడగడం మీ హక్కు. ఇంకోటి కూడా నిజాయితీగా చెప్పాలి. ఆ ఓటు పెట్టెలో పడదు, విడిగా కవర్లో పెడతాం, లెక్కింపులో కలవదు. ఫలితం మీద కోర్టుకి వెళ్తే అప్పుడు అది సాక్ష్యంగా పనికొస్తుంది. 14 శాతం టెండర్ ఓట్లు పడితే రీపోలింగ్ పెడతారని ప్రచారంలో ఉన్నది కూడా తప్పే, అలాంటి నిబంధన లేదు.

“ముద్ర ఎక్కడ పడితే ఏముంది”

2021లో మనం వేసింది పేపర్ బ్యాలెట్. వచ్చే వార్డు ఎన్నికకి పేపరా, మిషనా అన్నది నోటిఫికేషన్‌లోనే తెలుస్తుంది. పేపరే అయితే, స్వస్తిక్ గుర్తున్న రబ్బరు స్టాంపు ఇస్తారు, దానితోనే వేయాలి. బొటనవేలు ఒత్తినా, పెన్నుతో టిక్ పెట్టినా, సంతకం చేసినా ఓటు చెల్లదు. చదువుకున్నవాళ్లే పెన్ను తీస్తారు. ఇద్దరి గుర్తుల మధ్య గీత మీద, ఎవరికో చెప్పలేనట్టు ముద్ర పడినా అంతే. ఒకే అభ్యర్థికి రెండుసార్లు కొట్టారని మాత్రం తీసేయరు, ఉద్దేశం స్పష్టంగా ఉంది కదా.

స్టాంపు కొట్టాక సిరా ఆరడానికి ఒక్క క్షణం ఆగండి. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవండి. ముందే అడ్డంగా మడిస్తే తడి ముద్ర ఎదురుగా ఉన్న గుర్తు మీదికి అంటుకుంటుంది. అంటుకున్నది తిరగబడి కనిపిస్తుంది కాబట్టి అసలు ముద్రని గుర్తుపట్టొచ్చు, దానికి ఓటు కొట్టేయకూడదు. కానీ లెక్కింపు బల్ల దగ్గర ఏజెంట్లు ఆ కాగితం మీద పావుగంట కొట్టుకుంటారు.

మేయర్‌కి విడిగా ఓటు ఎక్కడని కొందరు అడుగుతారు. 2021లో లేదు, మనం కార్పొరేటర్‌ని ఎన్నుకున్నాం, మేయర్‌ని కౌన్సిల్ ఎన్నుకుంది.

“టైమ్ దాటితే గేటు మూసేస్తారు”

మూస్తారు, కానీ లోపల లైన్లో ఉన్నవాళ్లందరికీ ఓటు ఉంటుంది. ఆరోజు ఐదవుతుండగా స్టీల్ ప్లాంట్ డ్యూటీ నుంచి నేరుగా యూనిఫాంలోనే ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చి లైను చివర నిలబడ్డాడు. సంతకం చేసిన చీటీలు పట్టుకుని నేను వరండాలోకి వెళ్లాను. చీటీలు ఇచ్చేది ముందు నుంచి కాదు, తోక నుంచి. అలా ఇస్తే తర్వాత ఇంకెవరూ వెనక చేరలేరు. ఒకటో నంబరు చీటీ ఆయనకే ఇచ్చాను. టెన్షన్‌తో వణుకుతున్న చేత్తో దాన్ని తీసుకుని జేబులో కాకుండా గుప్పిట్లోనే పెట్టుకున్నాడు. నలభై నిమిషాల తర్వాత ఆయన ఓటు వేశాకే పెట్టెకి సీలు వేశాం.