‘సిస్టర్ల కాలేజీ’లో బీఎస్సీ నర్సింగ్: అపోహలు - వాస్తవాలు

మన దగ్గర ‘సిస్టర్’ అన్న మాటకు ఇద్దరు మనుషులు పలుకుతారు. ఒకరు వార్డులో సెలైన్ పెట్టే నర్సు, మరొకరు మఠంలో ఉండే కన్యస్త్రీ. క్యాథలిక్ నర్సింగ్ కాలేజీలో ఇద్దరూ ఒకే కారిడార్‌లో ఎదురవుతారు కాబట్టి, అడ్మిషన్ల వేళ తల్లిదండ్రుల అనుమానాలు సగం ఈ ఒక్క మాట దగ్గరే పుడతాయి. మిగతా సగం చదువు గురించి. హైదరాబాద్‌లో ఈ సీటు కోసం తిరిగేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇవీ.

అపోహ: అక్కడ చేర్పిస్తే అమ్మాయిని మఠంలో కలిపేసుకుంటారు.

కన్యస్త్రీ కావడానికి దారి వేరు. తనంతట తాను కోరుకుని ఒక సభలో, అంటే కన్యస్త్రీల సంఘంలో, చేరాలి. కొన్నాళ్లు వాళ్లతో ఉండి చూసుకోవాలి. తర్వాత కనీసం 12 నెలల నొవిషియేట్ (శిక్షణ కాలం), ఆపైన తాత్కాలిక మాటపట్టు (వ్రతం), ఇంకొన్నేళ్లకు నిత్య మాటపట్టు. ఇదంతా అయ్యేసరికి చాలా ఏళ్లు పడుతుంది. నర్సింగ్ కాలేజీ అడ్మిషన్ ఫారానికీ దీనికీ సంబంధం లేదు. క్లాసులో ఒకరిద్దరు కన్యస్త్రీలు కనిపిస్తే, వాళ్లను తమ సభ చదువుకోవడానికి పంపిందని అర్థం. వాళ్లూ అందరిలాగే ఇంటర్నల్స్ రాస్తారు, అందరిలాగే అనాటమీలో తప్పుతారు.

అపోహ: ప్రార్థన తప్పనిసరి, దీపం పట్టించేదీ మతం కోసమే.

అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది. హాస్టల్ పక్కన చాపెల్ ఉంటుంది, తెల్లవారుజామున పూజ (మాస్) ఉంటుంది. కానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో ఏ విద్యార్థినీ తన సమ్మతి లేకుండా మతబోధకో ఆరాధనకో హాజరుకమ్మని ఒత్తిడి చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు చెబుతోంది. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. అడ్మిషన్ రోజే మర్యాదగా అడిగి స్పష్టం చేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు. వ్యాల్యూ ఎడ్యుకేషన్ పేరుతో పెట్టే క్లాసు వేరు, పూజ వేరు. రెండింటినీ కలిపి చూడొద్దు.

ఇక దీపం పట్టించి ప్రతిజ్ఞ చేయించే ల్యాంప్ లైటింగ్ క్యాథలిక్ ఆచారం కాదు, ప్రభుత్వ కాలేజీల్లోనూ చేస్తారు. ఆ దీపం ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్‌ది. ఆమె ఆంగ్లికన్, క్యాథలిక్ కాదు. ఆ రోజు చదివే ప్రతిజ్ఞ కూడా ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ స్కూలు వాళ్లు రాసి ఆమె పేరు పెట్టారు. మొదటి వాక్యంలో దేవుడి ప్రస్తావన ఉంటుంది. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలచుకోవచ్చు.

అపోహ: క్రైస్తవులకే సీట్లు. చర్చి ఫాదర్ ఉత్తరం ఉంటే చాలు.

ఉత్తరంతో సీటు రాదు. బైపీసీ చదివి ఉండాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్ వాళ్లకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. తెలంగాణలో కన్వీనర్ కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో నింపుతుంది. ఇంటర్ మార్కులు చూసి సీటిచ్చిన రోజులు గుర్తున్న పెద్దవాళ్లు ‘ఎంట్రన్స్ ఎందుకు’ అని పిల్లల చేత ఈఏపీసెట్ రాయించరు. ఆగస్టులో లబలబలాడేది వాళ్లే.

మైనారిటీ సంస్థ తన వర్గం పిల్లలకు కొన్ని సీట్లు ఉంచుకునే హక్కు 30వ అధికరణం నుంచి వచ్చింది. ఆ సీటు కావాలంటే విచారణ గురువు (స్థానిక చర్చి ఫాదర్) ఇచ్చే జ్ఞానస్నాన (బాప్టిజం) పత్రం అడుగుతారు. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లూ వాళ్ల సంతానమూ మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఒకచోట జ్ఞానస్నాన పత్రం, మరోచోట హిందూ ఎస్సీ సర్టిఫికెట్ పెట్టిన ఫైలు వెరిఫికేషన్‌లో దొరికిపోతుంది. అప్పుడు రెండు దార్లూ మూసుకుపోతాయి. ఏదో ఒక దారి ముందే తేల్చుకోండి. ఎస్టీలకు ఈ ఇబ్బంది లేదు, మతం మారినా ఎస్టీ హోదా పోదు.

అపోహ: సూదులు వేయడం నేర్చుకుంటే చాలు, పెద్దగా చదువుండదు.

ఇంతగా పాతుకుపోయిన అపోహ మరొకటి లేదు, కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం. 2021లో గెజిట్‌లో వచ్చిన కొత్త సిలబస్ ప్రకారం కోర్సు ఎనిమిది సెమిస్టర్లు. మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్, ఇంగ్లిష్ ఉంటాయి. తర్వాత ఫార్మకాలజీ, పాథాలజీ రెండేసి సెమిస్టర్లు నడుస్తాయి. ఏడో సెమిస్టర్‌లో రిసెర్చ్, స్టాటిస్టిక్స్ ఉంటాయి. మొదటి నాలుగు సెమిస్టర్ల పేపర్లన్నీ పాసైతే తప్ప అయిదో సెమిస్టర్ పరీక్షకు కూర్చోనివ్వరు. ‘ఒక సప్లీ ఉంటే ఏముందిలే’ అనుకున్నవాళ్లు సరిగ్గా అక్కడే ఆగిపోతారు. మొత్తం కోర్సు ఎనిమిదేళ్లలో ముగించాలి.

సూది సంగతే తీసుకుందాం. ఫస్టియర్‌లో ఒక లెక్క ఇస్తారు: 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, సెట్టు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ఉంది. 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఎక్కువమంది తప్పేది గంటలను నిమిషాల్లోకి మార్చకపోవడం వల్ల. వార్డులో జరిగే తప్పు వేరు. లెక్క సరిగ్గానే చేసి, చేతికందిన మైక్రోడ్రిప్ సెట్టుకు అదే 42 పెడతారు. మైక్రోడ్రిప్‌లో మిల్లీలీటరుకు 60 చుక్కలు, అంటే నిమిషానికి 125 పడాలి. 42తో వదిలితే నాలుగు గంటల్లో అయిపోవాల్సిన బాటిల్‌కు దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. చుక్కలు టపటపా పడుతూనే ఉంటాయి కాబట్టి పేషెంటు అటెండెంటుకూ అనుమానం రాదు. అందుకే లెక్క మొదలుపెట్టకముందు సెట్టు ప్యాకెట్ మీద అంకె చదవమంటారు ట్యూటర్లు.

ఇన్సులిన్ ఇంకా ప్రమాదం. మన దేశంలో రెండు బలాల వయల్స్ దొరుకుతాయి: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 40 వయల్ నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. షుగర్ దిగదు. రౌండ్స్‌లో డోసు పెంచుతారు. రాత్రి డ్యూటీ నర్సు సరైన సిరంజితో ఆ పెంచిన డోసు వేస్తే తెల్లారేసరికి పేషెంటు చెమటలు పట్టి మాట తడబడుతూ ఉంటాడు. తిరగేసి, 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 0.5 మిల్లీలీటరు, 50 యూనిట్లు ఒకేసారి లోపలికి పోతాయి. వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి రెండో నర్సుకు చూపించాకే వేయాలనే నియమం ఉన్నది ఇందుకే. సూదులు వేయడమే కదా అన్నవాళ్లకు ఈ ఒక్క పేజీ చూపిస్తే చాలు.

అపోహ: సిస్టర్లు మరీ కఠినం, ఒక్కరోజు సెలవు కూడా ఇవ్వరు.

గేటు టైమింగు, ఫోను, ఔట్‌పాస్ విషయంలో కఠినమే. అది కాలేజీ పెట్టుకున్న పద్ధతి, దాని గురించి వాదించుకోవచ్చు. హాజరు మాత్రం సిస్టర్ల చేతిలో లేదు. పరీక్ష రాయాలంటే ప్రతి సబ్జెక్టులో థియరీకీ ప్రాక్టికల్‌కీ 80 శాతం ఉండాలి, కారణం ఏదైనా సరే. డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి క్లినికల్ విభాగంలో నూటికి నూరు శాతం హాజరు పూర్తిచేయాలి. అక్క పెళ్లికి పోయిన అయిదు రోజులు తర్వాత సెలవుల్లో పూడ్చాల్సిందే. నోటిమాటగా చెప్పిన హామీని నమ్ముకోకుండా, ఏ వార్డులో ఎన్ని గంటలు బాకీ ఉన్నాయో ఎప్పటికప్పుడు లాగ్ బుక్‌లో సంతకం చేయించుకోవాలి. చివర్లో సంతకాల కోసం పరిగెత్తితే, అప్పటికి ఇన్‌చార్జి సిస్టర్ బదిలీ అయిపోయి ఉంటారు.

అపోహ: కుటుంబ నియంత్రణ, అబార్షన్ లాంటివి అక్కడ చెప్పరు.

ఇందులో సగం నిజం ఉంది. క్యాథలిక్ ఆసుపత్రిలో అబార్షన్లు చేయరు, ట్యూబెక్టమీ ఆపరేషన్లు చేయరు. అది చర్చి బోధన, దాచేదేమీ లేదు. కానీ సిలబస్ చర్చిది కాదు, పరీక్ష పేపరు యూనివర్సిటీది. గర్భస్రావాలకు సంబంధించిన 1971 నాటి ఎంటీపీ చట్టం, 2021 సవరణ, 24 వారాల పరిమితి ఎవరికి వర్తిస్తుంది... ఇవన్నీ క్లాసులో చెబుతారు, పరీక్షలో అడుగుతారు. ప్రాక్టికల్ అనుభవం కోసం ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో బస్తీ దవాఖానాకో పోస్టింగ్ వేస్తారు.

అక్కడ విద్యార్థినులు ఎక్కువగా తడబడేది గర్భనిరోధక మాత్రల దగ్గర. మాలా-ఎన్ రోజూ ఒకటి. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. కాపర్-టీ 380ఏ పదేళ్లు పనిచేస్తుంది. మాలా-ఎన్ గురించి చెప్పే అలవాటులో ఛాయను కూడా ‘రోజూ వేసుకోమ్మా’ అనేస్తారు. ఆ తల్లి ఎనిమిది రోజుల్లో పట్టీ ఖాళీ చేసి మళ్లీ వస్తుంది. క్యాలెండర్ చూపించి రెండు వారాలకు గుర్తులు పెట్టిస్తే ఈ పొరపాటు జరగదు. కాలేజీ సొంతంగా సహజ పద్ధతుల గురించి అదనంగా చెప్పవచ్చు. అది నేర్చుకోవడం వల్ల నష్టం లేదు.

అపోహ: అబ్బాయిలకు నర్సింగ్ లేదు.

నిబంధనల ప్రకారం ఉంది. కొన్ని క్యాథలిక్ కాలేజీలు అమ్మాయిలకే సీటిస్తాయి. ప్రాస్పెక్టస్ చూసుకోండి.

అపోహ: మిషన్ వాళ్లది కాబట్టి ఫీజు ఉండదు, ఉద్యోగం వాళ్లే ఇస్తారు, విదేశాలకు చర్చే పంపుతుంది.

ఫీజు ఉంటుంది. ట్యూషన్ ఫీజుతో పాటు హాస్టల్, మెస్, యూనిఫాం, యూనివర్సిటీ పరీక్ష ఫీజు, పోస్టింగులకు వెళ్లే బస్సు ఖర్చు, ప్రొసీజర్ బుక్కులు, చార్టులు అన్నీ కలిపి నాలుగేళ్ల లెక్క రాయించుకోండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్ ద్వారా వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవాళ్లకే, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. చేరాక ‘వస్తుందనుకున్నాం’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఉద్యోగం సంగతి. క్యాథలిక్ ఆసుపత్రులకు ఒక సంఘం ఉంది. గుంటూరులో పనిచేసిన సిస్టర్ డాక్టర్ మేరీ గ్లౌరీ 1943లో దాన్ని మొదలుపెట్టారు. నేడది క్యాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. అయితే ప్రతి ఆసుపత్రినీ ఏ సభ నడుపుతుందో ఆ సభే తన నర్సులను తీసుకుంటుంది, కాలేజీ జాబితా చూసి పంచిపెట్టదు. ఎయిమ్స్ కావాలంటే నార్‌సెట్ రాయాలి. బీఎస్సీ వాళ్లకు అనుభవం అక్కర్లేదు, జీఎన్‌ఎం (డిప్లొమా) వాళ్లకు రెండేళ్ల అనుభవం కావాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్ష తర్వాత సీబీటీ (కంప్యూటర్ పరీక్ష), ఓస్కీ (ప్రాక్టికల్ పరీక్ష), జర్మనీకి జర్మన్ భాష. విదేశాలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులను పంపుతోంది. వీటన్నిటికీ ముందు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్), ఆర్ఎం (రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్)గా రిజిస్టర్ కావాలి. డిగ్రీ మీద ఉండేది కాళోజీ వర్సిటీ ముద్ర. కాలేజీ మేరీ మాత పేరుతో ఉన్నా మరో పేరుతో ఉన్నా విదేశీ బోర్డు చూసేది ట్రాన్‌స్క్రిప్ట్‌లో గంటలనే.

అపోహ: పాత కాలేజీ, పెద్ద పేరు. ఇంకేం చూడాలి?

వార్డులు చూడాలి. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి 100 పడకల మాతృ ఆసుపత్రి ఉండాలని, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు పడాలని నిబంధన. కాగితం మీద 100 పడకలున్నా వాటిలో మనుషులెందరున్నారో చూడండి. ఒక మంగళవారం ఉదయం పది గంటలకు వెళ్లి మెడికల్ వార్డులో నిలబడండి. ఒక పేషెంటు మంచం చుట్టూ ఆరుగురు స్టూడెంట్లు బీపీ చూడటానికి వంతు కోసం నిలబడి ఉంటే, చేతికి పని దొరకడం లేదన్నమాట. పిల్లల వార్డు, మానసిక వైద్యం పోస్టింగులు ఎక్కడో అడగండి. సొంత ఆసుపత్రిలో ఆ విభాగాలు లేని కాలేజీలు నీలోఫర్‌కో, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో పంపుతాయి. అందులో తప్పేమీ లేదు, నిజానికి అక్కడ కేసులు ఎక్కువ. కానీ అనుమతి పత్రం ఈ ఏడాదికి ఉందా, ట్యూటర్ వెంట వెళ్తారా, బస్సు కాలేజీదేనా అన్నవి తేల్చుకోవాలి. చివరి సెమిస్టర్ 22 వారాల ఇంటర్న్‌షిప్‌లో అడల్ట్ హెల్త్ ఆరు వారాలు, కమ్యూనిటీ, పిల్లలు, మానసిక ఆరోగ్యం, మిడ్‌వైఫరీ నాలుగేసి వారాలు. ఆ అయిదింటికీ ఏ ఏ ఆసుపత్రులో పేర్లు రాసివ్వమని ప్రిన్సిపల్ సిస్టర్‌ను అడగండి.