మీటింగ్ అయ్యాక మిగిలే మాట

గుంటూరులోనో విజయవాడలోనో ఒక కుటుంబ వ్యాపారానికి ఏదైనా అమ్మాలని ప్రెజెంటేషన్ ఇచ్చినవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. నిర్ణయం ఆ గదిలో జరగదు. ప్రొజెక్టర్ ముందు కూర్చుని అంతా విన్న అబ్బాయి "బాగుందండీ, నాన్నగారితో మాట్లాడి చెప్తాం" అంటాడు. రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు "ఏంట్రా, వాళ్ళేం చెప్పారు?" అని అడుగుతారు. అప్పుడు ఆ అబ్బాయి చెప్పే నాలుగు మాటలే మీ అసలు ప్రెజెంటేషన్. ముప్ఫై స్లైడ్లూ, రంగుల గ్రాఫులూ ఆ భోజనాల బల్ల దాకా రావు.

వ్యాపారంలో కథకు ఎందుకంత బలం అంటే నాకు తోచే మొదటి జవాబు ఇదే. కథ మనసును తాకుతుందని అందరూ అంటారు, నిజమే. కానీ ఒకరు విన్నది ఇంకొకరికి అప్పజెప్పాల్సి వచ్చినప్పుడు పెద్దగా చెడకుండా చేరేది కథే.

దీనికి మంచి ఆధారం ఒకటుంది. 1969లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో గోర్డన్ బవర్, మైకల్ క్లార్క్ అనే పరిశోధకులు విద్యార్థులకు 12 జాబితాలు ఇచ్చారు. ఒక్కో దాంట్లో పొంతన లేని పది పదాలు. కొందరిని ఆ పదాలన్నీ వచ్చేలా చిన్న కథ అల్లుకోమన్నారు. మిగతావాళ్ళను మామూలుగా నేర్చుకోమన్నారు. సమయం ఇద్దరికీ సమానమే. ఒక్కో జాబితా అవగానే అడిగితే రెండు జట్లూ దాదాపు అన్ని పదాలూ చెప్పేశాయి. పన్నెండూ పూర్తయ్యాక మొదటి నుంచి మళ్ళీ అడిగారు. కథ అల్లుకున్నవాళ్ళు సుమారు 93 శాతం చెప్పారు. రెండోవాళ్ళు 13 శాతం దగ్గరే ఆగిపోయారు.

ఆ రెండు పరీక్షలకూ మధ్య ఉన్న తేడా చూడండి. విన్న వెంటనే అయితే అందరికీ అంతా గుర్తుంది. మీటింగ్‌లో తలలు ఊగడాన్ని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత మరో సేల్స్‌మన్ వస్తాడు, బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, లారీ లోడు గొడవ వస్తుంది. వాటన్నిటి కింద పడ్డాక ఏది తేలుతుందన్నదే మనకు కావాలి. (కథ 22 రెట్లు ఎక్కువ గుర్తుంటుందనే అంకె ఒకటి శిక్షణ తరగతుల్లో తెగ తిరుగుతుంటుంది. దాని వెనక ప్రయోగం ఏదో ఎవరూ చూపించరు. అది వాడకండి.)

మరి కథ అంటే ఏమిటి? "మా కంపెనీ స్థాపించాం, తర్వాత ఈ అవార్డు వచ్చింది, తర్వాత బ్రాంచి పెట్టాం" అంటే కథ అయిపోదు. అది తేదీల వరస. 1985లో టామ్ ట్రబాసో, పాల్ వాన్ డెన్ బ్రూక్ కథల్లోని సంఘటనలను ఒక్కొక్కటిగా విడదీసి, ఏది దేనికి కారణమో గీసి చూశారు. కార్యకారణ గొలుసులో ఉన్న సంఘటనలు, మిగతావాటితో ఎక్కువ ముడులున్నవి బాగా గుర్తున్నాయి. గొలుసుకు బయట ఉన్నవి జారిపోయాయి. అంటే ఒక స్లైడుకీ తర్వాతి స్లైడుకీ మధ్య "అందువల్ల" అనో "కానీ" అనో పెట్టగలగాలి. "ఇంకా" అని మాత్రమే పెట్టగలిగితే ఆ స్లైడు రాత్రి దాకా నిలవదు.

గుంటూరు మిర్చి వ్యాపారానికి వద్దాం. ఒక చిన్న కంపెనీ మిరపకాయలు ఆరబెట్టే సోలార్ డ్రయ్యర్ తయారుచేసి, ఎగుమతి చేసేవాళ్ళకు అమ్మాలనుకుందని అనుకోండి. మామూలుగా మొదటి స్లైడులో కంపెనీ చరిత్ర, రెండోదాంట్లో విజన్, ఆపైన యంత్రం కొలతలు, చివర్లో ధర. దీన్నే ఒక్క టిక్కీ (బస్తా) మిర్చి చుట్టూ తిప్పి చెప్పొచ్చు.

కళ్ళంలో కాయ ఆరబోశారు. పగలంతా మంచి ఎండ. కానీ రాత్రి మంచు పడింది, కుప్ప అడుగున ఉన్న కాయలో తేమ తగ్గలేదు. అందువల్ల అక్కడ బూజు మొదలైంది. కానీ అది లోపలుంది, పైకి రంగు బాగానే ఉంది. రంగు పోయిన తాలు కాయ అయితే చూడగానే పక్కన పెడతారు, ఇది అలా దొరకలేదు. అందువల్ల మార్కెట్ యార్డులో మంచి రేటే పలికింది, మీరే కొన్నారు. కంటైనర్ యూరప్ చేరింది. అక్కడ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్ళింది. సుగంధ ద్రవ్యాల్లో మొత్తం అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. మీ సరుకు దాటింది. కంటైనర్ ఆగిపోయింది.

ఇంతవరకూ డ్రయ్యర్ మాటే రాలేదు. అయినా వింటున్న ఎగుమతిదారు ముందుకు వంగి ఉంటాడు, ఎందుకంటే ఇందులో నష్టపోయింది తనే. ఆ 10 మైక్రోగ్రాముల అంకె కూడా మరిచిపోడు. పట్టికలో పెడితే అది ఒట్టి నిబంధన, ఇక్కడ కంటైనర్‌ను ఆపింది అదే. ఇక అడగాల్సింది ఒక్కటే: ఈ గొలుసును ఎక్కడ తెంపాలి?

సరైన చోట ప్రశ్న అడగడం మన బుర్రకథ వాళ్ళకు కొట్టిన పిండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ఎక్కడికో తీసుకెళ్ళారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే చోట వంత అందుకుని జనం మనసులో అప్పుడే పుట్టిన అనుమానాన్ని పైకి అడిగేస్తాడు. ఆ అనుమానం పుట్టడానికి తగినంత కథ అప్పటికే చెప్పి ఉంటారు. జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఆర్థికవేత్త 1994లో కుతూహలం గురించి రాసింది కూడా ఇలాంటిదే: తెలిసిన దానికీ తెలుసుకోవాలనుకున్న దానికీ మధ్య ఖాళీ కనిపిస్తేనే కుతూహలం పుడుతుంది. ఏమీ తెలియనివాడికి ఆ ఖాళీ కూడా కనపడదు. అందుకే "మిర్చిలో తేమ సమస్యకు పరిష్కారం ఏమిటి?" అని మొదటి స్లైడులోనే అడిగితే ఎవరికీ పట్టదు. కంటైనర్ ఆగాక అడిగితే పడుతుంది.

ఇక జాగ్రత్త గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ పనిముట్టు రెండువైపులా పదును. 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ తమ ప్రయోగాల్లో పాఠకులకు ఒక కథ ఇచ్చి, నమ్మశక్యంగా లేదనిపించిన చోట సున్నా చుట్టమన్నారు. కథలో ఎక్కువ లీనమైనవాళ్ళు తక్కువ సున్నాలు చుట్టారు. అది కల్పితమని ముందే చెప్పినా కథ ప్రభావం తగ్గలేదు. కాబట్టి మీరు చెప్పే కంటైనర్ నిజంగా ఆగినదైతే ఆగిందని చెప్పండి, ఉదాహరణ అయితే ఉదాహరణ అనండి. వినేవాడి తర్కం కాస్త నిద్రపోయిన సమయంలో అబద్ధం దూర్చడం మోసం. ఒక్క యార్డు చుట్టూ అందరికీ అందరూ తెలిసిన ఊళ్ళో అది ఎన్నాళ్ళో దాగదు కూడా.

ఇంకొకటి. రెబెకా క్రౌజ్, డెరెక్ రకర్ 2020లో ప్రచురించిన అధ్యయనంలో, వాస్తవాలు బలహీనంగా ఉంటే కథలో కలిపి చెప్పడం వాటికి మేలు చేసింది. వాస్తవాలే బలంగా ఉంటే కథ వాటి బలాన్ని తగ్గించింది. కథలో మునిగినవాడు గొప్ప అంకెను కూడా గొప్పగా పట్టించుకోడన్నమాట. మీ డ్రయ్యర్ తేమను ఎంతకు దించిందో చూపే పక్కా ల్యాబ్ ఫలితం మీ దగ్గరుంటే, దాన్ని కథ మధ్యలో పూడ్చకండి. కంటైనర్ ఆగిన చోట కథ ఆపి, ఆ ఫలితాన్ని ఖాళీ స్లైడు మీద ఒంటరిగా పెట్టి, కాసేపు మాట్లాడకుండా ఉండండి.

ప్రెజెంటేషన్‌ను ముందుగా పరీక్షించుకోవడానికి 1932లో వచ్చిన ఒక పుస్తకంలోని పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక కథను ఒకరికి చదివించి, వాళ్ళు రాసింది ఇంకొకరికి ఇచ్చి, అలా చేతులు మార్చుతూ ఏది రాలిపోతుందో, ఏది మారిపోతుందో చూశాడు. పాఠకులకు అలవాటు లేని వివరాలు ముందు పోయాయి. కథలో "కనూ" అని ఉన్న పడవ కూడా వాళ్ళకు అలవాటైన "బోటు"గా మారిపోయింది. మీరూ మీ ప్రెజెంటేషన్‌ను ఈ వ్యాపారంతో సంబంధం లేని ఒక బంధువుకు వినిపించండి. ఆయన్ను మర్నాడు ఇంకొకరికి చెప్పమని, పక్కన కూర్చుని వినండి. మధ్యలో దిద్దొద్దు. ఎక్కడ తడబడ్డారో అక్కడ "అందువల్ల" తెగింది. డ్రయ్యర్ ఊసే లేకుండా ఆయన కథంతా చెప్పేయగలిగితే మాత్రం మొత్తం మళ్ళీ రాసుకోవాల్సిందే.